తోక తిరగబడ్డ తేలు

పోయిన వారం మా మనవడు లంబాసా పట్నం నుంచి వస్తూ వస్తూ ఒక గోనెసంచి నిండా చింతకాయలు తెచ్చి వసారాలో కుమ్మరించాడు. మొగరేవు దగ్గర పాత చింతచెట్టుకు రోడ్డువాళ్లు సున్నంతో గుర్తు వేశారట, వచ్చే నెలలో దాన్ని కొట్టేసి అక్కడినుంచి ఏటికి అడ్డంగా వంతెన కడతారట, కాయలు ఎవరికి కావలసినవి వాళ్లు కోసుకుపోతుంటే తనూ కోసుకొచ్చాడట. ఇదంతా చెప్పి, చుట్టూ మడ చెట్లు తప్ప మరేమీ మొలవని ఆ ఉప్పునేల మీద చింతచెట్టు ఎవరు పెట్టారే నానమ్మా అని నవ్వుతూ అడిగాడు. ఏ పిట్టో గింజ రాల్చి ఉంటుందిలేరా అన్నాను. కాటికి కాళ్లు చాచుకున్న ఈ వయసులో కూడా అబద్ధం నా నోటికి ఎంత సులువుగా వస్తుందో చూశారా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి కాగితాలు ముందు పెట్టుకు కూర్చున్నాను. భజన మందిరంలో ఒక పంతులుగారి దగ్గర, పెళ్లయి పిల్లలు పుట్టాక, పట్టుబట్టి నేర్చుకున్న తెలుగు నాది. మా ఇంట్లో ఇంకెవరికీ ఈ అక్షరాలు రావు, అందరివీ హిందుస్తానీ మాటలే గనుక, ఇది రాసి పెట్టెలో పడేసినా నా పిల్లలు చదివేస్తారన్న భయం లేదు. గిర్మిట్ రోజులు, ఆ అయిదేళ్ల ఒప్పందపు కూలి రోజులు, కళ్లారా చూసిన నా ఈడువాళ్లు ఏ నలుగురో ఇంకా మిగిలి ఉంటే, వాళ్ల చేతిలో పడితే చాలు. మీకైతే సగం చెప్పకుండానే అర్థమవుతుంది.

మొగరేవు అనే పేరు ఏ మ్యాపులోనూ ఉండదు. మా పెద్దవాళ్లది సముద్రపు ఒడ్డు జిల్లా గనుక ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అనేవారు, మద్రాసు నుంచి ఓడలో ఈ చెరకుతోటల దీవికొచ్చాక ఈ ఏటికీ అదే పేరు తగిలించారు. పెద్ద స్టీమరు లోతు నీళ్లలోనే ఆగిపోయేది. పోటు వచ్చినప్పుడు చిన్న లాంచీ ఒకటి రెండు మూడు పంట్లను తాడు కట్టి లాక్కుంటూ మడ అడవి మధ్యనుంచి లోపలికి వచ్చేది. ఆ పంట్లలోనే చెరకు పోయేది, బియ్యం బస్తాలు వచ్చేవి, కొత్త మనుషులూ వచ్చేవారు. పాటు తీసేసరికి రేవంతా మోకాలిలోతు బురద, దాని నిండా పీతలు. బురదకు పైన కాస్త మెరక మీద రేకుల గిడ్డంగి, దాని ముందు పంట్లు ఆనడానికి ఒక కర్రల దారి, అంతే రేవంటే. ఆ వాసన మాత్రం, ఉప్పూ బురదా కుళ్లిన చెరకుపిప్పీ కలిసిన ఆ వాసన, ఇప్పటికీ వాన పడ్డప్పుడు ఒక్కోసారి నా ముక్కుకు తగులుతుంది.

రేవుకు మైలు దూరంలో మా కూలి లైన్లు. పొడుగాటి కొట్టాన్ని గదులుగా చేసి, గదికీ గదికీ మధ్య గోడ పైదాకా కట్టకుండా పైన ఇనుప వల బిగించారు. పక్కగదిలో దగ్గితే మన గదిలో వినపడేది. గోడలకు చెవులుంటాయని పెద్దవాళ్ల ఊళ్లో సామెతగా చెప్పుకునేవారేమో, మా లైన్లలో అది ఉన్న మాటే. ఎవరు జ్వరమని పనికి ఎగనామం పెట్టారో, ఎవరు కులంబరును, అంటే తెల్ల ఓవర్‌సీరును, చాటుగా తిట్టారో పొద్దు గూకేలోపు సర్దారుకు, అంటే మా మీద పెట్టిన కూలి మేస్త్రీకి, తెలిసిపోయేది. ఎవరు చేరవేశారో మాత్రం తెలిసేది కాదు. అందుకని ఎవరికి ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. ఇద్దరు ఆడవాళ్లు బావి దగ్గర గుసగుసలాడితే మూడో ఆవిడకు తన గురించేనని అనుమానం. మనుషుల్ని అని ఏం లాభం, అందరికీ తెలిసిన రంగం పట్నం పక్కనే, ఆరు నెలల్లో తిరిగొచ్చేయవచ్చని చెప్పి ఓడ ఎక్కించిన నోళ్లను నమ్మి వచ్చినవాళ్లు ఆ తరవాత దేన్ని నమ్ముతారు. నాకు అనుమానం ఉగ్గుపాలతోనే వచ్చిందని చెప్పుకోవాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ముందే ఒప్పుకోవాలి. నాకు ఏడో ఎనిమిదో ఏళ్లప్పుడు సర్దారు ఒక చక్కెర ముక్క చేతిలో పెట్టి, ఇవాళ ఆ చివరి గదిలో ఉన్నది ఎవరని అడిగితే, పనికి పోకుండా పసిబిడ్డను పెట్టుకుని దాక్కున్న ఒకావిడ సంగతి చెప్పేశాను. ఆవిడకు ఆ వారం కూలి పోయింది. అమ్మ నన్ను కొట్టలేదు గాని, దీని నోట్లో నువ్వుగింజ నానదు అని ఒక్క మాట అని, ఆనాటినుంచి నా ముందు గట్టి సంగతులేవీ మాట్లాడడం మానేసింది. నేను గదిలోకి వస్తే అమ్మా అయ్యా మాట మార్చేసేవారు. అలా మాట మార్చడమే నా మనసులో విత్తనం వేసింది. తప్పు నాదే అయినా, దాని ఫలితాన్ని చూసి నేను వాళ్లను అనుమానించాను.

మా అమ్మకు రెండు పేర్లు. లైన్లలో అందరూ పిలిచేది ఒకటి, కాగితం మీద ఉన్నదీ అదే. ఇంకొకటి, ఎవరూ లేనప్పుడు అయ్య మెల్లగా పిలిచే పేరు. కొత్తవాళ్లు ఎవరు కలిసినా లైన్లలో మొదట అడిగేది మీదే ఊరని. అమ్మ ఆ మాట వచ్చేసరికి పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయేది. అన్నిటికన్నా వింత ఇంకొకటి ఉంది. కొత్త కూలీలతో పంట్లు వస్తున్నాయని తెలిస్తే చాలు, అమ్మ పెద్ద కుండతో గంజి, మరో కుండతో మంచినీళ్లు పట్టుకుని రేవుకు పోయేది. పాతవాళ్లు కొత్తవాళ్లకు గంజి పోయడం మా లైన్ల ఆనవాయితీయే, వంతులవారీగా ఎవరో ఒకరు పోతుండేవారు. అమ్మ మాత్రం వంతు తనది కాకపోయినా పోయేది. గంజి పోసే పని వేరేవాళ్లకు వదిలేసి, దిగినవాళ్లకు ఒక్కొక్కళ్లకే చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ నిలబడేది. నేను పక్కనుండి చూసేదాన్ని. అమ్మ వాళ్ల మొహాలు చూసేది కాదు, చేతులు చూసేది.

అమ్మ ఎడమ మణికట్టు మీద పచ్చబొట్టు ఉండేది. తేలు. మామూలుగా తేలు బొమ్మకు తోక వీపు మీదికి వంగి ఉంటుంది కదా, అమ్మ తేలుకు తోక పక్కకు పడి, తిరగబడి, ఏదో నలిగిన తేలులా ఉండేది. ఇదేంటమ్మా అని అడిగితే చిన్నప్పుడు పొడిచారులే అనేది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు.

పక్కగదిలో ఒక హిందుస్తానీ మౌసి ఉండేది. మనసు మంచిదే, నోరే కుదురుగా ఉండేది కాదు. ఆవిడ చేతుల నిండా పచ్చబొట్లే. వాళ్ల దేశంలో ఆడదానికి పెళ్లయ్యాకే పచ్చబొట్టు పొడుస్తారట, అది లేకపోతే అత్తింట్లో ఆమె చేతి నీళ్లు కూడా ముట్టరట. "ఈ ఆద్మీ కే ఘర్ కే నిసానీ హై, బేటీ" అని తన చెయ్యి నిమురుకుంటూ, ఇది మొగుడింటి గుర్తని నాకు చెప్పింది. మరి మా అయ్య చేతి మీద ఏ గుర్తూ లేదేమని అడిగాను. మౌసి పకపకా నవ్వి, మీ అమ్మా అయ్యా డిపోలో కదా జత కట్టింది, ఆ తేలు పెట్టించిన మగాడు ఎక్కడో వేరే ఉండి ఉంటాడులే అంది. వేళాకోళానికే అంది. ఓడ ఎక్కేముందు మద్రాసు డిపోలో ముక్కూమొహం తెలియనివాళ్లు జతలుగా పేర్లు రాయించుకోవడం మాకు తెలియని సంగతి కాదు. ఆ నవ్వు ఆవిడ మరుక్షణం మరిచిపోయింది. నేను మరవలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా, ఆ రోజునుంచి ఆ భూతం నాతోనే కూర్చుంది, నాతోనే తింది.

ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది. అమ్మకు ఇంకో మొగుడు ఉన్నాడు. వాడి చేతి మీదా ఇదే తేలు ఉంటుంది. వాడు వస్తాడని అమ్మ ఎదురు చూస్తోంది. వాడు వచ్చిననాడు అమ్మ వాడితో పోతుంది, అయ్యా నేనూ మిగులుతాం. మా అయ్య ఎలాంటివాడంటే, పగలంతా పంట్లకు చెరకు ఎత్తి, భుజం తోలు లేచిపోయి ఇంటికొచ్చి కూడా, అమ్మకు ఒంట్లో బాగోకపోతే తనే నా తల దువ్వి జడ అల్లేవాడు. వంకరటింకర జడ. దాన్ని చూసి మౌసి నవ్వితే నేను ఆవిడ మీద కోపం తెచ్చుకునేదాన్ని. అలాంటి అయ్యను మోసం చేస్తున్న మనిషిగా మా అమ్మను నేను ఎన్నాళ్లు చూశానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాకు పదకొండో పన్నెండో ఏడు వచ్చిన ఏట, వానలు వెళ్లాక, కొత్తవాళ్ల పంట్లు వస్తున్నాయని కబురు వచ్చింది. అమ్మ అప్పటికి మూడు రోజులుగా చలిజ్వరంతో లేవలేకుండా ఉంది. గొంగళి కప్పుకుని వణుకుతూనే లేవబోయి, కళ్లు తిరిగి మళ్లీ పడిపోయింది. చివరికి నన్ను దగ్గరికి పిలిచింది. ఆ మాటలు నాకు ఒక్కటీ పోకుండా గుర్తున్నాయి.

"ఒలే, నీళ్లు పోసినప్పుడు సేతులు సూడు. నా సేతి మీదున్న తేలునాటిదే ఉన్నోడు అగుపిస్తే ఇంటికి తోలుకొచ్చీ. ఎవులికీ సెప్పకు."

"అయ్యకీ సెప్పొద్దా?"

"అయ్యకి నాను సెప్తాను."

ఎవరతను అని అడిగాను. ఒచ్చాక తెలుస్తాదిలే అని కళ్లు మూసుకుంది. అడిగినా చెప్పదని నాకు తెలుసు, ఎందుకు చెప్పదో కూడా తెలుసనుకున్నాను. నీళ్లకుండ చంకన పెట్టుకుని రేవుకు బయల్దేరాను. రాకూడదు, రాకూడదు అని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటూ నడిచాను.

పంట్లు పోటుతో వచ్చాయి. దిగినవాళ్లలో సగంమంది మా తోటకు, మిగతావాళ్లను తీరం వెంట ఇంకా పైకి, మరో తోటకు తీసుకుపోతారని గిడ్డంగి గుమస్తా అరుస్తున్నాడు. పైకి పోయేవాళ్లను కూడా గంజి తాగడానికి కాసేపు దింపారు. అందరి మెడల్లో రేకు బిళ్లలు, భుజాన కంబళ్లు, సముద్రం చూసి చూసి ఎండిపోయిన మొహాలు. నేను నీళ్లు పోస్తున్నాను, ఒక్కో చెయ్యీ చూస్తున్నాను. బొబ్బలెక్కిన చేతులు, మురికి చేతులు, ఒక వేలు లేని చెయ్యి. నా ప్రాణం తేలికపడుతూ వస్తోంది. ఇంతలో ఒక జత చేతులు నీళ్ల కింద చాచాయి. ఎడమ మణికట్టు మీద తేలు. తోక పక్కకు పడి, తిరగబడి.

తలెత్తి చూశాను. మొగుడనుకున్నవాడు ఇంత చిన్నవాడా అనే ఆలోచన నాకు రావాలా వద్దా చెప్పండి. మీసం సరిగా మొలవని కుర్రవాడు, ఇరవై కూడా ఉండవేమో. కాని అనుమానంతో చూసే కంటికి తాను చూడాలనుకున్నదే కనిపిస్తుంది. అతను చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, మా అమ్మ అసలు పేరు, అయ్య మాత్రమే పిలిచే ఆ పేరు చెప్పి, ఆ పేరు గల మనిషి ఈ లైన్లలో ఉందా గుంటా, అంటే ఉందా పిల్లా, అని అడిగాడు. తనకేమవుతుందో చెప్పలేదు. నేను చెప్పనివ్వలేదు కూడా. ముందే సిద్ధం చేసుకున్నదానిలా నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"సచ్చిపోయింది."

అతని చేతుల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాను, చేతులు అలాగే చాచి ఉంచాడు. కుండ ఖాళీ అయ్యింది. ఎప్పుడు అని అడిగాడు. పోయిన వానల్లో, జ్వరమొచ్చి అన్నాను. గంజి తాగకుండా మెరక మీదికి పోయి, గిడ్డంగి నీడలో గొంతుక్కూర్చున్నాడు. ఏడవలేదు. లాంచీ కూత వేసినప్పుడు లేచి, నేను ఖాళీ కుండతో ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి దగ్గరికొచ్చి ఇంకొక్క మాట అడిగాడు.

"పిల్లాజెల్లా ఉన్నారేటి దానికి?"

"ఎవులూ నేరు" అన్నాను.

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. అమ్మ పోలిక నాకు బాగా ఉందంటారు అందరూ, పోల్చుకుంటాడేమోనని భయపడ్డాను. పోల్చుకోలేదు, లేక పోల్చుకున్నా నమ్మలేదు. నడుముకు కట్టుకున్న చిన్న గుడ్డమూట విప్పి నా చేతిలో పెట్టి, ఆడుకో అని చెప్పి పంటు ఎక్కాడు. మూటలో చింతపిక్కలు. వామనగుంటలు ఆడేవి, ఒకళ్ల చేతిలో చాలాకాలం నలిగి నున్నగా మెరిసిపోతున్న నల్లటి పిక్కలు. పంటు మలుపు తిరిగేదాకా నేను కదల్లేదు. అది ఇంటికి తీసుకుపోతే అమ్మ చూస్తుందని, గిడ్డంగి వెనక మెరక మీద పుల్లతో గొయ్యి తవ్వి గుడ్డతో సహా పాతేసి, పైన మన్ను కప్పి కాలితో తొక్కాను.

ఇంటికొచ్చేసరికి అయ్య అమ్మ తలకు తడిగుడ్డ వేస్తున్నాడు. ఎవులైనా ఒచ్చినారేటమ్మా అని అడిగాడు. అయ్యకు చెప్పొద్దన్న సంగతి అయ్యకే తెలుసా అని నేను ఆ క్షణంలోనైనా ఆగి ఆలోచించి ఉండాలి. లేదన్నాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. పోనీలే, మల్లీ ఓడ రాదేటి, అన్నాడు అయ్య. అది అమ్మను దెప్పుతున్నాడనుకున్నాను. తరవాత ఎన్నో సార్లు, పంట్లు వచ్చిన రోజున అయ్య కూడా అమ్మతో రేవుకు పోయేవాడు. అప్పుడు కూడా, పాపం కాపలాకు పోతున్నాడనుకున్నాను. నేను మాత్రం ఇల్లు నిలబెట్టానన్న గర్వంతో, ఎవరికీ చెప్పుకోలేని గర్వంతో తిరిగాను. నోట్లో నువ్వుగింజ నానదన్న పిల్ల ఆ ఒక్క మాటను మాత్రం రాయిలా దాచుకుంది.

అమ్మా అయ్యలు మళ్లీ మళ్లీ రాయించుకున్న గిర్మిట్లు కూడా ముగిసి, ఏటికి ఎగువన చిన్న చెక్క భూమి తీసుకుని, గడ్డి ఇల్లు వేసుకున్నాం. కొన్నాళ్లకు నాకు సంబంధం కుదిరింది, మాలాంటి మరో తెలుగు రైతుల ఇల్లే. పెళ్లినాడు ఉదయం నన్ను పీట మీద కూర్చోబెట్టి నలుగు పెడుతున్నారు. అమ్మ నా చేతికి పసుపు రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసి బావురుమంది. మనవాళ్లలో పెళ్లికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకుని పందిట్లోకి తేవాలి కదా. నా బిడ్డకు బుట్ట ఎత్తే మేనమామ లేకపోయినాడే అని ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఊరుకోమంటున్నా ఊరుకోలేదు. ఇక దాచే అవసరం లేదనుకుందో ఏమో, ఆ పీట దగ్గరే, పసుపు చేతులతోనే, అన్నీ చెప్పేసింది.

అమ్మకు తల్లీతండ్రీ చిన్నప్పుడే పోయారట. మిగిలింది ఒక తమ్ముడు. చిన్నతనంలోనే పెళ్లయి, మొగుడు కలరాలో పోతే, అత్తింటివాళ్లు పెట్టే బాధ పడలేక, తమ్ముణ్ణి పిన్ని దగ్గర వదిలి, నీ కోసం మనిషిని పంపుతానని చెప్పి పారిపోయిందట. అత్తింటివాళ్లు వెతుకుతారన్న భయంతో డిపోలో పేరూ ఊరూ అబద్ధం రాయించిందట. ఆ సంగతి బయటపడితే ఏం చేస్తారోనని, సర్దారుకు తెలిస్తే ఎలా ఆడిస్తాడోనని, అన్నేళ్లూ నోరు మూసుకుందట. డిపోలో పరిచయమైన మా అయ్యకు మొదటినాడే అన్నీ చెప్పిందట. ఊరికి తిరిగిపోయే ఒక మనిషి చేత తమ్ముడికి కబురు పంపింది కూడా అయ్యేనట. అప్పటినుంచి వాడు వస్తాడని రేవు చూస్తోందట. మొహం ఎలా మారిందో తెలియదు గాని చేతి మీది తేలు మారదు కదా. వాడికి అయిదేళ్లప్పుడు ఎరుకలసాని పచ్చబొట్టు పొడుస్తుంటే నొప్పికి చెయ్యి లాగేసుకున్నాడట, తోక తిరగబడింది. తన తేలు పాడైందని వాడు ఒకటే ఏడుపు. అప్పుడు అమ్మ, వాణ్ణి ఊరుకోబెట్టడానికి, నాకూ ఇలాగే తోక తిరగబడ్డ తేలే పొడవమని తన చెయ్యి చాచిందట.

మా అమ్మ చేతి మీద మొగుడింటి గుర్తని నేను చదువుకున్నది అది.

అప్పుడు నేను చెప్పి ఉండాలి. అతను ఎక్కిన పంటు ఏ తోటకు పోయిందో నాకు తెలుసు. లాంచీలో పూట ప్రయాణం. అతని గిర్మిట్ అయిదేళ్లు ఇంకా నిండలేదు. పెళ్లి ఒక రోజు ఆపి మనిషిని పంపినా, నన్ను బుట్టలో ఎత్తడానికి నా మేనమామ వచ్చి ఉండేవాడు. నోరు తెరిచాను కూడా. అమ్మ మొహం చూశాక మళ్లీ మూసేశాను. పందిరి కిందే నన్ను శపిస్తుందేమోనని, మగపెళ్లివారు ఇదేం పిల్ల అంటారేమోనని భయం వేసింది. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. చివరికి అయ్యతోపాటు ఓడలో వచ్చిన ఒక పెద్దాయన మేనమామ స్థానంలో నన్ను బుట్టతో ఎత్తుకున్నాడు. బుట్టలో కూర్చుని నేను ఏడుస్తుంటే, పుట్టిల్లు వదలలేక ఏడుస్తోందని అందరూ ఓదార్చారు.

పెళ్లయ్యాక చెబుదామనుకున్నది పురుడయ్యాక అయింది, పురుడయ్యాక చెబుదామనుకున్నది పిల్లవాడు నడిచాక అయింది. చివరికి ఒకనాడు లంబాసా సంతలో కూరగాయలమ్మే ఒకాయన, మాటల మధ్య తను ఏ ఓడలో వచ్చాడో చెప్పాడు. నా మేనమామ వచ్చినదీ ఆ ఓడలోనే. మీతో చేతి మీద తేలు ఉన్న ఒకతను ఉండాలే అని అడిగాను. ఎందుకు లేడు, ఒకే తోటలో చేశాం అన్నాడు. తన వాళ్లున్నారని చెబితే కావాలనే వేరే తోటకు పంపుతారని ఓడలో ఎవరో చెప్పగా, పాపం, అక్క కోసం వచ్చానని ఎవరికీ చెప్పకుండా పేరొక్కటే అడుగుతూ తిరిగాడట. ఏదో రేవులో ఆమె పోయిందని తెలిసిందట. తోటకు పోయిన మర్నాడే తల గొరిగించుకుని, పిల్లలు లేని మనిషి, పిండం పెట్టేవాళ్లు లేరు అని, సముద్రపు ఒడ్డున తనే కర్మ చేశాడట. గిర్మిట్ తీరగానే ఇంక ఇక్కడ నాకెవరున్నారు అని పోయిన ఏడే ఓడ ఎక్కాడట. నేను వంకాయలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ తరవాత చెప్పి ఏం లాభం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఉత్తరం రాయించవచ్చు కదా అని మీరంటారు. రాయించవచ్చు. ఉత్తరం రాయించాలంటే ముందు అమ్మ కళ్లలోకి చూసి నేను చేసింది చెప్పాలి. అంత ధైర్యం నాకు ఏ రోజూ రాలేదు.

గిడ్డంగి వెనక నేను తొక్కిన మన్నులోంచి మొక్కలు లేచాయి. ఉప్పుగాలికి కొన్ని మాడిపోయి ఒక్కటి బతికింది. పోటు నీళ్లు తగలని మెరక గనుక బతికిందేమో. కొన్నేళ్లకు కాపు పట్టింది. మొదటి కాపునాడు అయ్య ఒక ఒడినిండా కాయలు తెస్తే, అమ్మ పులుసు పెట్టి నోట్లో వేసుకుని, అచ్చం మా ఊరి పులుపే అని కళ్లు తుడుచుకుంది. ఆనాటినుంచి ఇంకే చింతపండూ వాడలేదు. ఏటా ఆ చెట్టు కాయలే కొట్టి, పిక్కలు తీసి, ఉప్పు పట్టించి కుండలో అదిమి పెట్టుకునేది. నేను ఆ పులుసు ముద్ద మింగలేక, అమ్మ చూస్తుంటే మింగేదాన్ని.

అయ్య ముందు పోయాడు. అమ్మ చాలాకాలం బతికింది. నడుము వంగి, పళ్లూడి, తన ఈడువాళ్లు ఒక్కళ్లూ మిగలకుండా పోయాక కూడా బతికింది. యముడు నా చీటీ ఎక్కడో పారేసుకున్నాడే అనేది నవ్వుతూ. బతికున్న మనిషి చనిపోయిందని కబురు పోతే ఆయుష్షు పెరుగుతుందంటారు మనవాళ్లు. ఆ మాట ఎవరైనా అంటే నేను లేచి లోపలికి పోయేదాన్ని. కడపటి రోజుల్లో మంచం మీద పడి ఉన్నప్పుడు కూడా, ఇవాళ ఓడ వచ్చిందా అని అడిగేది. కూలీలను తెచ్చే ఓడలు ఆగిపోయి అప్పటికి ఎన్నో ఏళ్లయింది. రేపు వస్తుందమ్మా అని నేను చెప్పేదాన్ని. ఆ తేలు ముడతల్లో ముడుచుకుపోయి, తోక ఎటు తిరిగిందో కూడా తెలియకుండా పోయింది.

ఇప్పుడు మొగరేవులో పంట్లు లేవు, లాంచీ లేదు. గిడ్డంగి రేకులు ఎవరో పీక్కుపోయారు. వంతెన వచ్చాక బస్సులు ఏటి మీద నుంచే పోతాయి, కింద ఒక రేవు ఉండేదని కిటికీలోంచి చూసే పిల్లలకు తెలియదు. మేలేలెండి, ఆ రేవు తెచ్చిపెట్టిన కన్నీళ్లు చాలు. లైన్ల అనుమానాలు లైన్లతోనే పోయాయి, నా మనవళ్లు ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తారు, దాన్ని చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, కుళ్లూ పుడుతుంది. కాని అప్పట్లో దిగిన ప్రతి మనిషినీ ఆపి, చేతికి నీళ్లు పోసి, ఏ ఊరు నాయనా, ఎవరి కోసం వచ్చావు అని అడిగేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు బస్సు దిగినవాణ్ణి ఎవరూ అడగరు.

వసారాలో కూర్చుని రెండు రోజులు ఆ కాయలన్నీ కొట్టి పిక్కలు వేరు చేశాను. మనవడు పారేస్తానంటే వద్దన్నాను. గుప్పెడు పిక్కలు కడిగి, ఆరబెట్టి, ఒక గుడ్డలో మూట కట్టి, పడుకునేటప్పుడు తల కింద పెట్టుకుంటున్నాను. కళ్లు మూసుకుంటే ఆ రెండు చేతులూ నీళ్ల కింద చాచి కనిపిస్తాయి. అన్నేళ్ల కిందట అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతాడు, దానికి పిల్లాజెల్లా ఉన్నారేటి అని. ఉన్నాది మావా, ఒక గుంట ఉన్నాది, నీకు నీళ్లు పోస్తున్నది అదే అని చెబుతాను.